సముద్రం వైపే వెళ్లడం లేదండి

తెనాలి
ఏప్రిల్ మొదటి వారం

చిరంజీవి సౌభాగ్యవతి అలేఖ్యకు,

మీ అత్తయ్య వెంకటరత్నమ్మ రాస్తున్నాను. పెళ్లయి నెల తిరగకుండానే అత్తగారి దగ్గర్నుంచి ఉత్తరం ఏంటని కంగారు పడకు. నా చెవుల సంగతి పెళ్లిలోనే చూశావుగా. పురోహితుడు మంత్రం చెబుతుంటే నేను పక్కావిడతో గారెలు చల్లారిపోయాయని గట్టిగా అన్నాను, మండపం మొత్తం నావైపే తిరిగింది. చెవిలో మిషను పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. వీడియో కాల్‌లో మీరిద్దరూ మాట్లాడుతుంటే బొమ్మ చూసి తల ఊపుతాను, అంతే. మెసేజీల్లో ఆ సన్నటి అక్షరాలు నాకు ఆనవు. కొలకలూరు బడిలో పిల్లల చేత పలకల మీద అక్షరాలు దిద్దించినదాన్ని, నాకు కాగితమే హాయి. నువ్వు కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

ఇక అసలు సంగతి. గిరీష్ ఉద్యోగం బాపట్ల కాలేజీలో అని తెలిసిన రోజే నా గుండెల్లో రాయి పడింది. సూర్యలంక సముద్రం మరీ దగ్గర. వాడికి నీళ్లంటే గండం. ఆరేళ్లప్పుడు నందివెలుగులో మా అన్నయ్య పాండురంగారావు ఇంటికి వెళ్తే, ఆడుకుంటూ కాలువలో పడ్డాడు. అన్నయ్య దూకి జుట్టు పట్టుకుని లాగాడు కాబట్టి ఈ రోజు నీకు మొగుడున్నాడు. ఆ తర్వాత వాడిని పుష్కరాలకు కూడా నదిలో దించలేదు, ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో నెత్తిన చల్లాను.

నువ్వేమో పెనుమూడి రేవులో ఈత కొట్టి పెరిగిన రేపల్లె పిల్లవి, పైగా బడిలో ఆటల టీచరువి. సంతోషమే. నీ ఈత నీ దగ్గరే ఉంచుకో. వాడిని సముద్రంలో దిగనివ్వనని నాకు మాట రాసి పంపు. మీ మామయ్య శివరామయ్యగారు నవ్వుతున్నారు. నవ్వనీ.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య

*

బాపట్ల
ఏప్రిల్ చివరి వారం

గౌరవనీయులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండి. ఆయనకు చూపిస్తే, అమ్మ చేతిరాత చూస్తే ఇప్పటికీ హోంవర్కు చేయలేదేమోనని భయం వేస్తుందన్నారు. మేమిద్దరం బాగున్నాం. మామయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

మీ అబ్బాయికి లెక్కలు తప్ప ఒంటికి పనే లేదని మీకు తెలుసు కదండి. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇద్దరికీ సెలవులే కాబట్టి రోజూ పొద్దున్నే లేపి పరిగెత్తిస్తున్నాను. మొదటిరోజు వీధి చివరి దాకా పరిగెత్తి, తిరిగి రావడానికి ఆటో ఎక్కారు. సాయంత్రాలు డాబా మీద షటిల్ ఆడుతున్నాం. మొన్న ఆయన కొట్టిన దెబ్బకి కాక్ బదులు రాకెట్టే ఎగిరి వెళ్లి ఇంటివాళ్ల ట్యూబ్‌లైటు పగలగొట్టింది. ఇంటి ఓనరు జార్జి గారు మంచివారు, కొత్త లైటు తెచ్చుకుని మళ్లీ ఆయనే బిగించుకున్నారు. కానీ మేం డాబా ఎక్కినప్పుడల్లా ఆయన కూడా వచ్చి కూర్చుంటున్నారు.

మీరు చెప్పినదంతా గుర్తుపెట్టుకుంటానండి. ఆయన్ని చాలా జాగ్రత్తగా చూసుకుంటాను.

నమస్కారాలతో,
మీ కోడలు అలేఖ్య

*

తెనాలి
మే మొదటి వారం

చి. సౌ. అలేఖ్యకు,

జాగ్రత్తగా చూసుకుంటానని రాశావు. నేను అడిగిన మాట అది కాదు. బడిలో ఇలాంటి జవాబులు చాలా దిద్దాను.

ఆవకాయ పెట్టాను. చిన్న జాడీ ఒకటి మూతికి వాసెన గుడ్డ కట్టి, మీ వైపు వస్తున్న మా పక్కింటి కమలమ్మ అల్లుడికి ఇచ్చి పంపాను. మూడో రోజు తిరగ కలుపు. తడి చెయ్యి పెట్టావంటే బూజు పడుతుంది, ఆ తర్వాత నన్నంటే ఊరుకోను.

ట్యూబ్‌లైటు సంగతి కమలమ్మకు చదివి వినిపించాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

నిన్న ఫోనులో వాడి బొమ్మ చూశాను. నల్లగా మాడిపోయాడు. ముక్కు తోలు ఊడుతోంది. కళ్లద్దాలు లేవు. అద్దాలేవిరా అని అడిగాను. వాడేదో చెప్పాడు, నేను తల ఊపాను. వాడు చెప్పింది నువ్వు రాయి.

మీ అత్తయ్య

*

బాపట్ల
మే రెండో వారం

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

ఆవకాయ అందిందండి. అమృతంలా ఉంది. మీరు చెప్పినట్టే మూడో రోజు తిరగ కలిపాను.

కళ్లద్దాల సంగతి ఏం లేదండి. ఇక్కడ గాలి ఎక్కువ. బండి మీద వెళ్తుంటే ఎగిరి పడిపోయాయట. కొత్తవి చేయించుకున్నారు. పొద్దున పరుగు వల్ల కాస్త నల్లబడ్డారు, అంతకుమించి ఏం లేదండి. మీరు బెంగ పెట్టుకోకండి.

నేను నిన్న పప్పు కుక్కరు మూతకి వాషరు పెట్టడం మరిచిపోయాను. ఆవిరంతా పక్కనుంచి పోయి నీళ్లు ఇంకిపోయాయి, కింద మాడిపోయింది. మాడినది తీసేసి పైన పచ్చిగా ఉన్నది ఉడికించుకుని తిన్నాం. మీ అబ్బాయి బాగుందనే అన్నారు. ఆయన అబద్ధం చెబుతుంటే చెవులు ఎర్రబడతాయని మీకు తెలుసా అండి?

మీ కోడలు,
అలేఖ్య

*

తెనాలి
మే మూడో వారం

అలేఖ్యకు,

తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే. నీకు ఏది ఎర్రబడుతుందో నాకు ఇంకా తెలియదు.

ముక్కు మీద కళ్లద్దాలు గాలికి ఎగిరిపోతే, బండి నడిపేవాడు ఎగరలేదా? సరే. మళ్లీ ఫోనులో చూశాను. ఇప్పుడు గడ్డం. ఎన్నడూ లేని గడ్డం. అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా రాయి. వాడు సముద్రం వైపు వెళ్తున్నాడా? గడ్డం ఎందుకు?

మీ అత్తయ్య

*

బాపట్ల
మే నాలుగో వారం

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

ఆయన అసలు సముద్రం వైపే వెళ్లడం లేదండి. ఒట్టు. ఇల్లు కదలడం లేదు. గడ్డం తీయించుకోమని నేనూ చెప్పాను, ఇప్పుడు మంగలి దగ్గరికి వెళ్లకూడదు అంటున్నారు. పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి వేలాడుతుంటే, కొట్టేయమని జార్జి గారు కత్తి ఇచ్చారు. అదీ కొట్టనన్నారు. ఇంట్లోనే కూర్చుని, నన్ను కూడా ఎండలోకి వెళ్లనివ్వకుండా, నిమ్మరసం కలిపి ఇస్తున్నారు.

ఈ ఎండలకి నాకు అన్నం సహించడం లేదు. మీ ఆవకాయ ఉండబట్టి రెండు ముద్దలు దిగుతున్నాయి. ఉంటానండి.

అలేఖ్య

*

తెనాలి
జూన్ మొదటి రోజులు

నా బంగారు తల్లి అలేఖ్యకు,

నీ ఉత్తరం చదివి, అర్థమై, కుర్చీలోంచి లేచి దేవుడి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. పిచ్చిదానా, నోటితో చెప్పడానికి సిగ్గుపడి ఇలా చుట్టూ తిప్పి రాస్తావా? నాకు తెలియదనుకున్నావా? భార్య కడుపుతో ఉంటే మొగుడు సముద్ర స్నానం చేయడు, క్షవరం చేయించుకోడు, చెట్టు మీద కత్తి పెట్టడు. మీ మామయ్యగారు కూడా గిరీష్ పుట్టేదాకా గడ్డం తీయలేదు, బ్యాంకులో అందరూ ఈయన సన్యాసం పుచ్చుకున్నారనుకున్నారు. ఈ కాలం పిల్లాడు, వాడంతట వాడే ఇవన్నీ పాటిస్తున్నాడంటే నేను వాడిని ఏమో అనుకున్నాను గానీ, బాగానే పెంచాను.

నీ మీద అనుమానపడ్డాను. కళ్లద్దాలనీ, నల్లబడ్డాడనీ నిన్ను సాధించాను. మనసులో పెట్టుకోకు.

కమలమ్మకు చెప్పాను. కమలమ్మకు చెబితే వీధికి చెప్పినట్టే. నందివెలుగు అన్నయ్యకు మీ మామయ్య చేత ఫోన్ చేయించాను. డబ్బాలో సున్నుండలు పంపుతున్నాను, రోజూ ఒకటి తిను. పరుగులూ షటిలూ కట్టిపెట్టు. బరువులెత్తకు. నీకు పుల్లటిది ఏం తినాలనిపించినా రాయి, కాళ్లు నొప్పి పుట్టినా రాయి. ఏదైనా రాయి.

నిన్ను చూడాలని ఉంది.

మీ అత్తయ్య

*

బాపట్ల
జూన్ మొదటి వారం

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నేను కడుపుతో లేనండి.

మీరు రాసిన ఆచారం మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆ సున్నుండలు ఎందుకొచ్చాయో తెలియక మీ అబ్బాయి డబ్బా తీసి రెండు తినేశారు. అప్పుడు నేను మీ ఉత్తరం చదివి వినిపించాను. చేతిలో ఉన్న మూడోది తిరిగి డబ్బాలో పెట్టేశారు.

జరిగింది ఇది. ఏప్రిల్‌లో ఒకరోజు సూర్యలంక చూడ్డానికి వెళ్లాం. చిన్నచిన్న పిల్లలు అలల్లో ఎగురుతుంటే, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకకు ఇవతలే నిలబడ్డారు. ఇంటికొచ్చాక అడిగారు, “నాకు ఈత నేర్పిస్తావా? అమ్మకు చెప్పొద్దు, నేర్చుకున్నాక చెబుదాం” అని. నేను ఒప్పుకున్నాను. వేసవికి కాలువలు కట్టేశారు కదా, సముద్రం తప్ప వేరే నీళ్లు లేవు. నడుము లోతు దాటలేదండి, కాపలా వాళ్లు కనిపించే చోటే దిగేవాళ్లం, ఒక్క క్షణం కూడా ఆయన చెయ్యి వదలలేదు. పొద్దున పరుగు అని రాసిందంతా అదే.

కళ్లద్దాలు తీయడం మరిచిపోయి దిగితే అల పట్టుకెళ్లింది. మే రెండో వారంలో ఇంకో అల ఆయన్ని బోర్లా పడేసి ఇసుకలో ఈడ్చింది, గడ్డం కింద చర్మం లేచిపోయింది. అందుకే క్షవరం వద్దన్నారు. భుజాలు ఎండకి కాలి చెయ్యి పైకి లేవలేదు, అందుకే కొబ్బరి మట్ట కొట్టలేదు. గాయం మానేదాకా సముద్రానికి వెళ్లలేదు. అందుకే ఒట్టు వేసి రాయగలిగాను. ఒట్టు వేసేటప్పుడు నాకు తెలివిగానే అనిపించింది. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తప్పు నాది. ఆయన్ని ఏమీ అనకండి.

అలేఖ్య

*

తెనాలి
జూన్ మొదటి వారం చివర

అలేఖ్యకు,

కడుపు లేదన్నందుకు నాకు కోపం లేదు. అది ఎప్పుడు రావాలో అప్పుడు వస్తుంది. వీధిలో నా మాట పోయినందుకూ కోపం లేదు. కమలమ్మకు నేనే వెళ్లి చెప్పాను, మా కోడలు కడుపుతో లేదు, నా కొడుక్కి ఈత నేర్పుతోంది అని. ఆవిడ ఏదో ఓదార్పు చెప్పింది. నాకు వినపడలేదు.

నా బాధ వేరు. చెవులు పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాతో అందరూ మాట్లాడే మాట ఒక్కటే, ‘ఏం లేదులే’. మీ మామయ్య పేపరు చూసి నవ్వుతారు, ఏంటండీ అంటే ఏం లేదులే అని చెయ్యి ఊపుతారు. చుట్టాలొచ్చి గంటసేపు మాట్లాడి వెళ్తారు, ఏమన్నారు అంటే ఏం లేదులే. మళ్లీ గట్టిగా చెప్పడం వాళ్లకు విసుగు. వాళ్ల తప్పు కాదు. కానీ మనిషితో రోజంతా ఏం లేదులే అంటుంటే, చివరికి ఆ మనిషే లేనట్టు ఉంటుంది.

నీ ఉత్తరాలు వచ్చాక నాకు మళ్లీ ఎవరో పూర్తిగా మాట్లాడినట్టు ఉండేది. ఒక్కోటి రెండుసార్లు చదివేదాన్ని. కళ్లద్దాల సంగతి అడిగితే నువ్వు రాసింది తీసి చూశాను. ‘ఏం లేదండి’ అని రాశావు. ఒకే ఉత్తరంలో రెండుసార్లు.

సముద్రంలో దిగాడని చెబితే కేకలేసేదాన్ని, ఏడ్చేదాన్ని. కానీ నాకు తెలిసి ఉండేది.

వెంకటరత్నమ్మ

*

బాపట్ల
అందిన రోజే

అత్తయ్యా,

‘గారు’ తీసేశాను, కోపం వస్తే మళ్లీ పెడతాను. మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే నోటిదాకా ‘ఏం లేదు’ వచ్చింది. ఆపుకుని కాగితం చేతికిచ్చాను. ఆయన చదివి పెరట్లోకి వెళ్లిపోయారు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను దాచినవన్నీ రాసేస్తున్నాను. మీ ఆవకాయ జాడీ పగిలిపోయింది. స్కూటీ ముందు పెట్టుకుని వస్తుంటే మలుపులో జారింది. ఇసుక పడని పైపైది ఒక గిన్నెడు తీసి దాచుకున్నాం, మూడో రోజు తిరగ కలిపింది ఆ గిన్నెడే. ఆ స్కూటీని ఒకసారి సముద్రపు ఇసుకలోకి తోలి, చక్రం కూరుకుపోతే నలుగురు చేపలవాళ్లు వచ్చి ఎత్తారు. నాకు వంట సరిగ్గా రాదు. పెళ్లిచూపుల్లో మా అమ్మ నాకు అన్నీ వచ్చని చెప్పింది, ఆ రోజు మీరు మెచ్చుకున్న బొబ్బట్లు మా పిన్ని చేసింది. నాకు మీరంటే భయం. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ముందు చివరి వాక్యం చదివి, తిట్లు లేకపోతే మొదటి నుంచి చదివేదాన్ని.

ఆయన ఇప్పుడు వెల్లకిలా తేలగలుగుతున్నారు. ఈదడం ఇంకా రాలేదు. తేలేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కాలు చదువుతారు. పదహారో ఎక్కం పూర్తయ్యేదాకా మునగడం లేదు.

మీరు వద్దంటే ఆపేస్తాం. నిజంగా ఆపేస్తాం. రాయండి.

మీ అలేఖ్య

*

తెనాలి
పున్నమికి ముందు

అలేఖ్యకు,

సముద్రాన్ని మామూలు రోజుల్లో తాకకూడదు, పర్వదినాన తాకవచ్చు. వచ్చేది ఏరువాక పున్నమి. ముందురోజు సాయంత్రం బండికి నేనూ మీ మామయ్యా వస్తున్నాం. వాడు తేలడం నా కళ్లతో చూస్తాను, ఆపాలో వద్దో అప్పుడు చెబుతాను. నువ్వు ఏమీ వండకు. నేను వచ్చి వండుతాను, నువ్వు పక్కన నిలబడి చూడు.

జాడీ మా అమ్మది. వచ్చాక తిడతాను.

మీ అత్తయ్య

*

తెనాలి
పున్నమి వెళ్లాక

నా కోడలికి,

ఇంటికి చేరాం. నా కొంగులో ఇంకా ఇసుక రాలుతోంది, మీ మామయ్య ఊడుస్తున్నారు.

ఆ పొద్దున నాకు ఎలా ఉందో నీకు అక్కడ చెప్పలేదు. వాడు నీళ్లలో వెనక్కి వాలగానే నాకు నందివెలుగు కాలువే కనిపించింది. అరిచాననుకుంటా. నువ్వు నా చెయ్యి పట్టుకుని ‘చూడండి’ అన్నావు. చెవిలో మిషను తీసేశాను కదా, నీ పెదాలు చూసి తెలుసుకున్నాను. వాడి పెదాలు కూడా కదులుతున్నాయి. పదహారో ఎక్కం. ఆ ఎక్కం దగ్గర తప్పులు చెబుతున్నాడని రెండో తరగతిలో వాడి చేత గోడకుర్చీ వేయించింది నేనే. ఎక్కం పూర్తయింది, వాడు లేచి నిలబడ్డాడు, నావైపు చూసి నవ్వాడు. ఇన్నేళ్లూ వాడిని నీళ్ల నుంచి కాపాడుతున్నాననుకున్నాను. వాడు నా భయాన్ని మోసుకుంటూ ఒడ్డున నిలబడ్డాడు, పాపం.

నన్ను మోకాలి లోతు దించావు కదా. అప్పుడు ఆ హోరు నాకు వినపడింది. మిషను లేకుండా, ఎవరూ మళ్లీ గట్టిగా చెప్పకుండా వినపడింది. మీ మామయ్యతో చెబితే ఆయన ఏం లేదులే అనలేదు. కూర్చోబెట్టి, ఎలా వినపడిందో చెప్పమన్నారు.

ఈత ఆపవద్దు. నడుము లోతే. ఆదివారం ఆదివారం ఏం జరిగిందో నాకు రాయాలి. ఆషాఢం వస్తోంది, మొదటి ఆషాఢం కాబట్టి పుట్టింటికి వెళ్లాలి. ఆ నెలంతా అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. ఉత్తరాలు దాటవచ్చు.

నువ్వు చేసిన పప్పు బాగానే ఉంది. నా చెవులు చూడు, ఎర్రబడలేదు.

మీ అత్తయ్య

*

రేపల్లె
ఆషాఢం, జూలై మధ్యలో

ప్రియమైన అత్తయ్యకు,

ఇక్కడ గోరింటాకు పెట్టుకోవడం, తినడం, పడుకోవడం. బడికి సెలవు పెట్టాను కదా, పని లేదు. మీ అబ్బాయి బాపట్లలో ఒక్కరే ఉండి, జార్జి గారిని ఒడ్డున కూర్చోబెట్టి మరీ ఈత సాధన చేస్తున్నారు. నిన్న ఫోన్ చేసి, కాళ్లు కొట్టుకుంటూ చేపలవాళ్ల తాడు దాకా వెళ్లానని చిన్నపిల్లాడిలా అరిచారు. వచ్చే పున్నమికి ఇంకా దూరం ఈదుతారట.

ఆయన్ని ఈదనివ్వకండి అత్తయ్యా. గడ్డం కూడా తీయవద్దని చెప్పండి. కొబ్బరి మట్ట జోలికి వెళ్లవద్దనండి. ఈసారి గాయాలేవీ లేవు.

ఈ రోజు పొద్దున మందుల షాపులో పరీక్ష పట్టీ కొనుక్కుని నేనే చూసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి. మా అమ్మకు ఇంకా చెప్పలేదు, అనుమానంగా నా కంచం వైపు చూస్తోంది. ఆయనకూ చెప్పలేదు. ముందు మీకు రాసి, ఆ తర్వాతే ఎవరికైనా చెబుదామని కూర్చున్నాను. మీకు ఈ ఉత్తరం అందిందని తెలిసేదాకా నోరు విప్పను.

ఏదైనా రాయమన్నారు కదా. పుల్లటిది తినాలని ఉంది. కొంచెం భయంగా కూడా ఉంది. మీరు ఇక్కడ ఉంటే బాగుండేది.

మీ అలేఖ్య

*

తెనాలి
ఉత్తరం అందిన పూట

నా తల్లీ,

అందింది. చదివాను. మళ్లీ చదివాను. నాకు ముందు చెప్పావు.

భయపడకు. ఆషాఢం వెళ్లిన మర్నాడే నీ దగ్గర ఉంటాను. మాగాయ, నిమ్మకాయ రెండూ పంపుతున్నాను, ఈసారి జాడీలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో. ఇది చేతికి రాగానే ముందు మీ అమ్మకు చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ వెంటనే వాడికి ఫోన్ చెయ్యి. కమలమ్మ పొద్దున్నుంచీ నా మొహం చూసి ఏంటి సంగతి అని అడుగుతోంది, ఎక్కువసేపు ఆగలేను.

వాడు మళ్లీ నీళ్లలో దిగకుండా ఇందాకే నేను ఫోన్ చేశాను. సముద్రానికి వెళ్లకు, గడ్డం తీయకు అని రెండు ముక్కలు చెప్పాను. వాడు బొమ్మలో చేతులు ఊపుతూ ఎందుకు, ఎందుకు అని ఒకటే అడుగుతున్నాడు. నాకు వినపడదుగా.

‘ఏం లేదులే’ అని పెట్టేశాను.

మీ అత్తయ్య